శిక్షా కాలంలో నిరీక్షణ: విలాపవాక్యాల గ్రంథం చూపిన దారి

(స్మారకోపన్యాస పాఠం)

పాత నిబంధనలోని విలాపవాక్యముల గ్రంథం ఐదు పద్యాల సంపుటి. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చి, సొలొమోను కట్టించిన ఆలయాన్ని తగలబెట్టిన తర్వాత ఆ శిథిలాల మధ్య పుట్టిన ఏడుపు అది. పతనం జరిగిన ఏడాదిని కొందరు చరిత్రకారులు 587గా లెక్కిస్తారు. కొట్టింది బబులోనే అయినా కొట్టించింది తమ దేవుడేనని ఈ గ్రంథం ఒప్పుకుంటుంది. ఆ దెబ్బకు కారణం తమ తప్పేనని కూడా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఆశ కోసం మరెక్కడికీ వెళ్లదు, కొట్టించిన ఆ దేవుని దగ్గరికే వెళ్తుంది. శిక్ష కింద ఉన్నవారికి దేవుని కృపలో నిరీక్షణ ఎలా దొరుకుతుందన్న ప్రశ్నకు బైబిలంతటిలో ఇంత బాధతో, ఇంత నిక్కచ్చిగా జవాబు వెతికిన గ్రంథం మరొకటి లేదు.

పట్టణం పడిపోతే దేవునికి కోపం వచ్చిందనుకోవడం ఒక్క యూదావాళ్లకే ఉన్న ఆలోచన కాదు. క్రీ.పూ. 2000 ప్రాంతంలో ఊరు నగరం నాశనమైనప్పుడు సుమేరు కవులు రాసిన విలాపాల్లో కూడా నాశనం దేవతల తీర్మానమే. మోయాబు రాజు మేషా చెక్కించిన శాసనం, కెమోషు దేవుడు తన దేశం మీద కోపగించడం వల్లే ఇశ్రాయేలు దాన్ని అణచివేయగలిగిందని చెబుతుంది. తేడా మరోచోట ఉంది. సుమేరు విలాపంలో ఊరు చేసిన నేరమేమీ కనబడదు. రాజరికం ఎవరికీ శాశ్వతం కాదు, ఆ ఊరి వంతు అయిపోయింది, అంతే. మేషా శాసనం కోపం సంగతి చెబుతుంది గానీ కోపానికి కారణం చెప్పదు. కారణం తెలియని కోపానికి బతిమాలుకోవడం ఒక్కటే మార్గం. యెరూషలేము కవి దగ్గర కారణం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, కోపగించినవాని స్వభావం ఎలాంటిదో అతనికి ముందే తెలుసు. అతని నిరీక్షణ అంతా ఆ ఎరుక మీదే నిలబడింది.

పతనం ఒక్క రోజులో రాలేదు. యూదా రాజు యోషీయా క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర ఐగుప్తు ఫరో నెకో చేతిలో చనిపోయాడు. 605లో కర్కెమీషు యుద్ధంలో నెబుకద్నెజరు ఐగుప్తును ఓడించడంతో యూదా బబులోనుకు కప్పం కట్టే రాజ్యంగా మారింది. అప్పటి యూదా రాజు యెహోయాకీము ఎదురు తిరిగాడు. ఆ తిరుగుబాటు ఫలితాన్ని అతని కొడుకు యెహోయాకీను అనుభవించాడు. 597 మార్చిలో యెరూషలేము లొంగిపోయింది. పద్దెనిమిదేళ్ల ఆ రాజును, తల్లిని, అధికారులను, చేతిపనివాళ్లను బబులోనుకు తరలించారు. నెబుకద్నెజరు ఏడో ఏట యూదా పట్టణాన్ని పట్టుకుని, తనకు నచ్చిన రాజును అక్కడ నియమించినట్టు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బబులోను వృత్తాంత పలకలో ఉంది. అలా నియమితుడైన సిద్కియా కూడా తిరగబడ్డాడు. అతని పాలన తొమ్మిదో ఏట పదో నెలలో మొదలైన ముట్టడి పదకొండో ఏట నాలుగో నెల దాకా సాగింది. లోపల ఆహారం అయిపోయింది, గోడ పగిలింది. రాత్రివేళ పారిపోయిన రాజును యెరికో మైదానంలో పట్టుకుని రిబ్లాకు తీసుకెళ్లారు. అతని కొడుకులను అతని కళ్లముందే చంపి, ఆ తర్వాత ఆ కళ్లు పీకేశారు. ఐదో నెలలో బబులోను సేనాధిపతి నెబూజరదాను వచ్చి ఆలయాన్నీ రాజభవనాన్నీ ఇళ్లనూ కాల్చాడు. దావీదు పట్టణమని పిలిచే తూర్పు గుట్ట మీద జరిగిన తవ్వకాల్లో ఆ మంటల బూడిద పొరలు, బాణపు ములుకులు, మంటకు గట్టిపడి మిగిలిపోయిన మట్టి ముద్రలు దొరికాయి. యిర్మీయా గ్రంథం చివరి అధ్యాయం మూడు విడతల్లో చెరకు పోయినవారి లెక్క చెబుతుంది: 3,023, 832, 745, మొత్తం 4,600. అంకెలు చిన్నవే. కానీ పోయినవాళ్లు రాజ్యాన్ని నడిపినవాళ్లు, మిగిలినవాళ్లు నిరుపేదలు.

ఈ విపత్తును శిక్ష అనడానికి ఆధారం దేవునికీ ఇశ్రాయేలుకూ మధ్య ఉన్న నిబంధన. ద్వితీయోపదేశకాండము ఎనిమిదో అధ్యాయం అరణ్యంలో గడిపిన నలభై ఏళ్లను తండ్రి కొడుకును దిద్దే పనిగా వివరిస్తుంది. దావీదుకిచ్చిన వాగ్దానంలో కూడా ఇదే మాట ఉంది: అతని సంతానం తప్పు చేస్తే దండన తప్పదు, అయినా కృప వారిని విడిచిపోదు. అంటే దండన నిబంధన తెగిపోయిందనడానికి గుర్తు కాదు. నిబంధన ఇంకా అమల్లో ఉందనడానికే అది గుర్తు.

తప్పేమిటో కూడా గాలిలో వదిలేసిన మాట కాదు. విగ్రహారాధన గురించి ప్రవక్తలు చెప్పింది అందరికీ తెలిసిందే. యిర్మీయా 34వ అధ్యాయంలో ఉన్న సంఘటన మాత్రం చాలామంది బోధకులు దాటిపోయేది. ముట్టడి తీవ్రమైనప్పుడు సిద్కియా, ప్రజలు కలిసి ఆలయంలో ఒక ఒడంబడిక చేశారు. దూడను రెండుగా కోసి, ఆ ముక్కల మధ్య నడిచి, తమ దగ్గరున్న హెబ్రీ దాసదాసీలందరినీ విడిచిపెడతామని ప్రమాణం చేశారు. ఏడో ఏట దాసులను విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం ఎప్పుడో చెప్పింది. తరాల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ప్రాణం మీదికి వచ్చాక విడిచిపెట్టారు. ఇంతలో ఐగుప్తు సైన్యం కదిలిందని విని బబులోనువాళ్లు ముట్టడి సడలించారు. గండం గడిచిందనుకోగానే యజమానులు విడిచిపెట్టినవాళ్లను మళ్లీ పట్టి తెచ్చి దాస్యంలో పెట్టారు. యిర్మీయా దృష్టిలో పట్టణానికి తీర్పు ఖాయమైపోయిన క్షణాల్లో ఇది ఒకటి. వాళ్ల పశ్చాత్తాపం ముట్టడికి భయపడి పుట్టింది, ముట్టడితోనే పోయింది. దేవుని దిద్దుబాటు గురించి మాట్లాడేవారు ఈ సంఘటనను పక్కన పెట్టకూడదు. ఇక్కడ శిక్ష తెచ్చింది పూజా విధానంలో జరిగిన పొరపాటు మాత్రమే కాదు, బలహీనుడి మెడ మీద మళ్లీ పెట్టిన కాడి కూడా.

పద్యాల నిర్మాణం

హెబ్రీ అక్షరాలు ఇరవై రెండు. గ్రంథంలోని మొదటి, రెండో, నాలుగో అధ్యాయాల్లో ఇరవై రెండేసి వచనాలు ఉన్నాయి. ఒక్కో వచనం వర్ణమాలలో తర్వాతి అక్షరంతో మొదలవుతుంది. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి చొప్పున అరవై ఆరు వచనాలు. ఐదో అధ్యాయంలో ఇరవై రెండు వచనాలు ఉన్నాయి గానీ అక్షరక్రమం లేదు. అక్షరమాల వరసలో పద్యాలు అల్లే అలవాటు తెలుగు కవులకూ కొత్త కాదు. కానీ అది సాధారణంగా స్తుతికో చమత్కారానికో వాడే పద్ధతి. ఇక్కడ శోకానికి వాడారు. అదుపు తప్పే దుఃఖానికి ఈ క్రమం ఒక గట్టు కడుతుంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఏడవవచ్చు, ఏదీ దాచుకోనక్కర్లేదు. చివరి అక్షరం మాత్రం ఒకటుంటుంది.

సంప్రదాయం ఈ గ్రంథాన్ని యిర్మీయాకు ఆపాదిస్తుంది. హెబ్రీ మూలంలో రచయిత పేరు లేదు. గ్రీకు అనువాదం ముందుమాటలాంటి ఒక వాక్యంలో అతని పేరు చేర్చింది. రచయిత ఎవరైనా ముట్టడిని కళ్లారా చూసినవాడని పద్యాలే చెబుతాయి.

మొదటి పద్యంలో పట్టణం ఒక విధవరాలు. రాత్రంతా ఏడుస్తుంది, ఓదార్చేవారు ఎవరూ లేరు. ఈ లేమిని కవి ఆ ఒక్క అధ్యాయంలోనే పదేపదే చెబుతాడు. ఆకలి, ఓటమి, అవమానం వీటన్నిటికన్నా ఒంటరితనమే అక్కడ పెద్ద గాయం. రెండో పద్యంలో దేవుడు శత్రువులా విల్లెక్కుపెట్టి నిలబడతాడు. వీధుల్లో పసిపిల్లలు తల్లుల ఒడిలో సొమ్మసిల్లిపోతారు. ప్రవక్తలు ప్రజల తప్పు బయటపెట్టకుండా హాయిగొలిపే దర్శనాలు చెప్పారని కవి నిలదీస్తాడు. ఎవరినీ వెనకేసుకురాడు, దేవుణ్ణి కూడా. దేవుడు చేసింది న్యాయమేనని ఒప్పుకుంటూనే, చేసినదాన్ని చూడమని ఆయన్నే నిలబెట్టి అడుగుతాడు. పశ్చాత్తాపపడినవాడు నోరు మూసుకోవాలన్న నియమం ఈ గ్రంథంలో లేదు.

మూడో అధ్యాయం

గ్రంథానికి గుండె మూడో అధ్యాయం. ఇక్కడ పట్టణం కాకుండా ఒక మనిషి మాట్లాడతాడు. దండం కింద బాధ చూసినవాణ్ణి నేనేనంటాడు. తర్వాత దెబ్బల జాబితా నడుస్తుంది: చీకట్లో నడిపించాడు, ఎముకలు విరిచాడు, చుట్టూ గోడ కట్టాడు, మొర పెట్టినా వినలేదు, ఎలుగులా పొంచి ఉన్నాడు, బాణాలకు గురిగా నిలబెట్టాడు, పళ్లు రాళ్లతో అరగదీశాడు. ఈ జాబితాలో గమనించవలసింది ఒకటుంది. మొదటి పదిహేడు వచనాల్లో కొట్టేవానికి పేరు లేదు. అంతా ఆయన, ఆయన అనే సాగుతుంది. పద్దెనిమిదో వచనంలో, తన బలమూ యెహోవా మీద తన ఆశా నశించాయని చెప్పేటప్పుడు, మొదటిసారి ఆ పేరు నోటికి వస్తుంది. నిరాశ అడుగంటిన వాక్యంలోనే నిబంధన దేవుని పేరు పలికాడు. ఆ పేరు పలికాక ఇక పాత దారిలో సాగలేకపోయాడు. మూడు వచనాల్లో పద్యం మలుపు తిరుగుతుంది.

ఆ మలుపుకు బయటి కారణమేదీ లేదు. చెరపోయినవాళ్లు తిరిగి రాలేదు, రొట్టె దొరకలేదు. జరిగింది ఒక్కటే: అతడు ఒక సంగతిని మనసుకు తెచ్చుకున్నాడు. యెహోవా కృప అయిపోలేదు కాబట్టే తాము మిగిలి ఉన్నామని, ఆయన కనికరం పొద్దుపొద్దునా కొత్తగా అందుతుందని. తెలుగు సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనల్లోనూ కృతజ్ఞత కూటాల్లోనూ తరచూ వినిపించే వాగ్దానం ఇదే. 1923లో థామస్ చిషోమ్ రాసిన ప్రసిద్ధ ఇంగ్లిషు కీర్తన కూడా దీని ఆధారంగానే పుట్టింది. సాఫీగా గడిచిన సంవత్సరానికి కృతజ్ఞత చెప్పడానికి ఆ వచనం వాడటం తప్పేమీ కాదు. కానీ ఆ మాట మొదట పలికినవాడి చుట్టూ కాలిన ఇళ్లు ఉన్నాయి. ఏడాదంతా దెబ్బలు తిన్నవారికే ఆ వచనం మీద మొదటి హక్కు.

తర్వాత అతడు యెహోవాయే తన భాగమంటాడు. కనానులో గోత్రాలకు భూమి పంచినప్పుడు లేవీయులకు భాగం రాలేదు. యాజకుడైన అహరోనుతో దేవుడు, నీ వంతు నేనేనన్నాడు. ఇప్పుడు అందరి భూమీ పోయింది. భూమిలేని యాజకుడికి చెప్పిన మాటను సర్వం పోగొట్టుకున్న మనిషి తనకు అన్వయించుకుంటున్నాడు. శిక్ష వల్ల పోయినవాటి పట్టికలో దేవుడు లేడని అతడు కనుక్కున్నాడు.

ఆ పైన మూడు వచనాలు ఓపిక గురించి. కనిపెట్టుకుని ఉండటం మంచిదని, యౌవనంలో కాడి మోయడం మంచిదని చెబుతాయి. అప్పుడు గ్రంథపు నడిబొడ్డు వస్తుంది. ప్రభువు ఎల్లకాలం విడనాడడు, బాధ పెట్టినా తన కృప కొలదీ జాలిపడతాడు, మనుషులను బాధించడం ఆయన హృదయంలోంచి వచ్చే పని కాదు. గ్రంథంలో మొత్తం 154 వచనాలు ఉంటే, ఈ చివరి మాట 77వది. అధ్యాయాల పొడవును ఇంత లెక్కగా కట్టిన కవికి ఇది తెలియకుండా జరిగిందనుకోవడం కష్టం. శిక్ష దేవుడు చేసేదే, అయినా ఆయన స్వభావం అది కాదు. చేయి కొడుతుంది, హృదయం వెనక్కి లాగుతుంది. హోషేయ పదకొండో అధ్యాయంలో ఎఫ్రాయిమును ఎలా విడిచిపెట్టగలనని తనలో తాను మథనపడే దేవుడూ ఈయనే.

కవికి ఈ ఎరుక ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం కాదు. నిర్గమకాండము 34వ అధ్యాయంలో దేవుడు మోషే ఎదుట తన నామాన్ని ప్రకటించుకున్నాడు: కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృప ఆయన లక్షణాలు, అయితే దోషిని నిర్దోషిగా వదిలేయడం ఆయన పద్ధతి కాదు. ఈ ప్రకటన వచ్చిన సందర్భం బంగారు దూడ. మొదటి పలకలు పగిలిపోయాయి, రెండో జత పలకలు చెక్కుతున్నారు. కృప గురించి ఇశ్రాయేలుకు తెలిసినదంతా మొదటి నుంచీ తప్పు చేసి దొరికిపోయిన స్థితిలో తెలిసిందే. అందుకే శిక్షాకాలం వచ్చినప్పుడు ఆ మాటలు పనికిరాకుండా పోలేదు. అవి పుట్టిందే అలాంటి కాలం కోసం. మరో విషయం కూడా ఉంది. ఆ ఒకే ప్రకటనలో శిక్ష మూడు నాలుగు తరాలకు, కృప వేల తరాలకు అని ఉంది. రెండూ నిజమే, కానీ రెండూ సమానం కాదు. మూడో అధ్యాయం నిలబడిన నేల ఈ అసమానతే.

ఇక్కడితో ఆపేస్తే గ్రంథానికి అన్యాయం చేసినట్టే. ఆశ దొరికాక కవి ప్రజలందరినీ పిలుస్తాడు, నడతను పరిశోధించుకుని తిరిగి వద్దామంటాడు. చేతులతో పాటు హృదయాలను కూడా ఎత్తుతారు. తమ తిరుగుబాటు ఒప్పుకుంటారు. వెంటనే, నీవు క్షమించలేదని దేవునితో అంటారు. ప్రార్థన చేరకుండా మేఘం కప్పుకున్నావంటారు. నిరీక్షణ ప్రకటించి ఇరవై వచనాలైనా కాకముందే మళ్లీ కన్నీళ్లు కట్టలు తెంచుకుంటాయి. ఆశ వచ్చాక దుఃఖం పోవాలని అనుకునేవారికి ఇది వెనకడుగులా కనబడుతుంది. అది వెనకడుగు కాదు. కృప మీద నమ్మకం లేనివాడు ఇంత కటువుగా ప్రార్థించలేడు. కొద్ది వచనాల తర్వాత, లోతైన గోతిలోంచి పిలిచినప్పుడు నీవు దగ్గరికి వచ్చి భయపడవద్దన్నావని గుర్తుచేసుకుంటాడు. మొత్తం గ్రంథంలో దేవుని నోటి నుంచి వచ్చే ఓదార్పు మాట అదొక్కటే, అది కూడా జ్ఞాపకంగానే.

నాలుగో పద్యంలో ముట్టడి ఆకలి మళ్లీ వస్తుంది. జాలిగల తల్లులు ఏం వండుకున్నారో చెప్పిన ఆ వచనాలు చదవడమే కష్టం. ఐదోది సామూహిక ప్రార్థన: తాగే నీళ్లకూ వంటచెరకుకూ డబ్బు కట్టాలి, కుర్రవాళ్లు తిరుగటిరాళ్లు మోస్తున్నారు, స్త్రీలను చెరిచారు, సీయోను కొండ మీద నక్కలు తిరుగుతున్నాయి. చివర్లో, తమను తిరిగి రప్పించుకొమ్మన్న ఒక విన్నపం, దాని వెంట దేవుడు తమను పూర్తిగా తోసివేశాడేమోనన్న భయం. గ్రంథం ఆ భయం మీదే ముగుస్తుంది. యూదులు ప్రతి ఏటా అబ్ నెల తొమ్మిదో రోజున ఉపవాసముండి, నేల మీద కూర్చుని, మసక వెలుగులో ఈ గ్రంథం చదువుకుంటారు. చివరి వచనం అయ్యాక దానికి ముందున్న విన్నపాన్ని మళ్లీ ఒకసారి అందరూ కలిసి చదువుతారు. చివరి వచనాన్ని తీసేయలేదు, మార్చలేదు. దాని మీద ప్రార్థనను నిలబెట్టారు.

నిజమైన ఆశ, కల్ల ఆశ

అదే కాలంలో ఆశ పేరుతో మరో సరుకు కూడా అమ్ముడైంది. 597లో మొదటి చెర జరిగాక హనన్యా అనే ప్రవక్త ఆలయంలో నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని ప్రకటించాడు. బబులోనుకు లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. ప్రజలకు వినసొంపుగానే ఉండి ఉంటుంది. యిర్మీయా మాత్రం బబులోనులో ఉన్నవారికి ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసి వాటి ఫలం తినండి, పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి, డెబ్భై ఏళ్లు పడుతుంది. భవిష్యత్తును, నిరీక్షణను ఇస్తానన్న దేవుని మాట ఉన్నది ఈ ఉత్తరంలోనే. ఆ మాటను గోడ క్యాలెండర్ల మీద చదివేటప్పుడు డెబ్భై ఏళ్లు కనబడవు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవారిలో ఎక్కువమంది బబులోను మట్టిలోనే కలిసిపోయి ఉంటారు. వారికి అందిన నిరీక్షణ తిరుగు ప్రయాణం కాదు; శిక్షలో ఉన్న ఊళ్లోనే దేవుణ్ణి వెతికితే దొరుకుతాడన్న హామీ. ఆలయం లేకుండా, బలి లేకుండా, శత్రువు నేల మీద దేవుడు దొరకడమన్నది అప్పటికి చాలా పెద్ద మాట. బబులోను ప్రాంతంలో దొరికిన మట్టి పలకల్లో యూదా పేరుతోనే పిలిచిన ఒక గ్రామం, అక్కడి వలసదారుల పొలాలు, అప్పులు, పన్నుల లెక్కలు కనిపిస్తాయి. ఉత్తరం చెప్పినట్టే అక్కడ బతుకులు వేళ్లూనుకున్నాయి.

యిర్మీయా సొంత ఆచరణ మరింత విచిత్రం. యెరూషలేము ముట్టడిలో ఉంది, అతడు చెరసాల ఆవరణలో బందీగా ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమన్నాడు. ఆ పొలం ఉన్న ప్రాంతం శత్రువుల చేతిలో ఉంది. అతడు 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల ఎదుట క్రయపత్రం రాయించి, ముద్ర వేసి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారన్న దేవుని మాటకు అది గుర్తు. పట్టణం పడిపోతుందని నలభై ఏళ్లుగా చెబుతూ వచ్చినవాడు, పడిపోయే ముందు అక్కడే పొలం కొన్నాడు. హనన్యాకూ యిర్మీయాకూ ఉన్న తేడా ఈ క్రయపత్రంలో తెలుస్తుంది. హనన్యా శిక్షను దాటవేసి ఆశ చెప్పాడు. యిర్మీయా శిక్షను పూర్తిగా ఒప్పుకుని, దాని అవతలకు డబ్బు కట్టాడు.

శిక్ష అనే మాటకు హద్దులు

దేవుని శిక్ష గురించిన బోధ ఎక్కువ హాని చేసేది ఒకరి బాధకు మరొకరు ఆ పేరు పెట్టినప్పుడు. విలాపవాక్యాల్లో తప్పు ఒప్పుకునేది బాధపడుతున్నవాళ్లే, చూసేవాళ్లు కాదు. పొరుగున ఉన్న ఎదోము చూసి సంతోషించింది. దానికి తీర్పు తప్పదని నాలుగో అధ్యాయం హెచ్చరిస్తుంది. శిక్షకు సాధనమైన బబులోను కూడా నిర్దోషి కాదు. ముసలివారి మీద సైతం బరువైన కాడి మోపిందని యెషయా 47వ అధ్యాయం దాన్ని తప్పుపడుతుంది. తాను కొంచెమే కోపగిస్తే అన్యజనులు కీడును పెంచారని జెకర్యా మొదటి అధ్యాయంలో దేవుడే అంటాడు. ఐదో పద్యంలో పిల్లలు తండ్రుల పాపభారాన్ని తాము మోస్తున్నామని చెప్పుకుంటారు. వీధిలో సొమ్మసిల్లిన పసిబిడ్డ ఏ ఒడంబడిక మీరింది? కవి ఈ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు నటించడు. ఆ బిడ్డల ప్రాణం కోసం రాత్రి తొలిజాము నుంచీ లేచి మొరపెట్టమంటాడు.

యోబు గ్రంథం ఇంకో హద్దు. యోబు బాధను దేవుని దిద్దుబాటుగా వివరించి, ఒప్పుకుంటే చాలని సలహా ఇచ్చిన స్నేహితుల మాటలు విడిగా చూస్తే చాలావరకు సనాతనమైనవే. అయినా తన గురించి వాళ్లు సరిగ్గా మాట్లాడలేదని దేవుడు కోపగించాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని అడిగిన శిష్యులకు యేసు, వీడి పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని చెప్పాడు. జబ్బుపడ్డవారిని, బిడ్డను పోగొట్టుకున్నవారిని, పంట నష్టపోయినవారిని పరామర్శించడానికి వెళ్లి ఏ పాపం దాచావని అడిగేవారు ఈ రెండు చోట్లనూ మళ్లీ చదవాలి. మొదటి పద్యంలో పట్టణం కోరింది వివరణ కాదు, ఓదార్చేవారిని.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం ఈ మాటకు విస్తృతమైన అర్థం ఇస్తుంది. ఆ పత్రిక అందుకున్నవారు విశ్వాసం కోసం నిందలు పడ్డవారు, ఆస్తులు దోపిడీకి గురైనవారు. వారి బాధ ఫలానా పాపానికి ఫలితమని పత్రిక ఎక్కడా అనదు. సామెతల మూడో అధ్యాయాన్ని ఆధారంగా తీసుకుని, తండ్రి తన సొంత బిడ్డలనే తీర్చిదిద్దుతాడని చెబుతుంది. అక్కడ అర్థం దండన కన్నా శిక్షణకు దగ్గర. ఆ సమయానికి అది సంతోషంగా ఉండదని, దుఃఖంగానే ఉంటుందని కూడా దాపరికం లేకుండా చెబుతుంది. ఆ అధ్యాయంలో ఈ మాటలకు ముందు వచ్చేది సిలువను సహించిన కుమారుని ప్రస్తావన. క్రైస్తవ సంఘం శ్రమల వారంలో విలాపవాక్యాలను చదవడం పూర్వం నుంచీ ఉన్న ఆచారం. తాలిస్, పాలెస్త్రీనా వంటి పదహారో శతాబ్దపు స్వరకర్తలు వాటికి సంగీతం కట్టారు. యెరూషలేము మోసిన దండనను నిర్దోషి అయిన కుమారుడు తన మీద వేసుకున్నాడన్నది ఆ ఆచారం వెనక ఉన్న విశ్వాసం.

తిరిగి రావడం

ఓదార్చేవారు లేరన్న మొదటి పద్యపు మొరకు జవాబు యెషయా నలభయ్యో అధ్యాయం మొదటి మాటల్లో వస్తుంది. ప్రజలను ఓదార్చమని దేవుడే ఆజ్ఞాపిస్తాడు, యెరూషలేము శిక్షాకాలం తీరిపోయిందని ప్రకటిస్తాడు. చరిత్రలో తొలి సూచన అంతకన్నా చిన్నగా కనబడింది. చెర 37వ ఏట, క్రీ.పూ. 561 ప్రాంతంలో, బబులోను రాజు ఎవీల్మెరోదకు, యెహోయాకీనును చెరసాల నుంచి విడిపించి తన బల్ల దగ్గర భోజనం పెట్టించాడు. రాజుల రెండో గ్రంథం ఈ వార్తతోనే ముగుస్తుంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే అతనికీ అతని ఐదుగురు కొడుకులకూ నూనె కొలిచి ఇచ్చినట్టు బబులోను భవనంలో దొరికిన పలకల్లో ఉంది. ఎర్నెస్ట్ వైడ్నర్ 1939లో వాటిని ప్రకటించాడు. దావీదు వంశం శిక్షలో కూడా బతికే ఉందని శత్రువు లెక్కల పుస్తకమే సాక్ష్యం చెప్పింది.

539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు. యూదులు తిరిగి వెళ్లి ఆలయం కట్టుకోవచ్చని ఆజ్ఞ వచ్చింది. అతని పేరు మీదున్న ప్రసిద్ధ మట్టి స్తంభిక యూదాను ప్రత్యేకంగా ప్రస్తావించదు. దేవతామూర్తులను, ప్రజలను వారి వారి స్థలాలకు తిరిగి పంపిన విధానాన్ని మాత్రం చెబుతుంది. అందరూ తిరిగి రాలేదు. వచ్చినవారికి పేదరికం, పొరుగువారి వ్యతిరేకత ఎదురయ్యాయి. పునాది వేసిన పని ఏళ్ల తరబడి ఆగిపోయి, చివరికి జెరుబ్బాబెలు కాలంలో, 515లో, ఆలయం పూర్తయింది. కాలిన ఏడాది నుంచి లెక్కిస్తే దాదాపు డెబ్భై ఏళ్లు.

ఆ పని జరుగుతుండగా, దర్యావేషు ఏలుబడి నాలుగో ఏట, అంటే 518లో, బేతేలువాళ్లు యాజకులనూ ప్రవక్తలనూ ఒక ప్రశ్న అడిగించారు. ఇన్నేళ్లుగా ఐదో నెలలో ఉపవాసముండి ఏడుస్తున్నాం, ఇంకా ఏడవాలా? జెకర్యా ద్వారా వచ్చిన జవాబు అవుననీ కాదనీ చెప్పలేదు. మీరు ఉపవాసమున్నది నా కోసమేనా అని దేవుడు తిరిగి అడిగాడు. సత్యంగా తీర్పు తీర్చాలని, ఒకరిపట్ల ఒకరు దయ చూపాలని, విధవరాలిని, తండ్రిలేనివారిని, పరదేశిని, పేదను బాధపెట్టకూడదని పూర్వపు ప్రవక్తలు చెప్పిందే మళ్లీ చెప్పాడు. సిద్కియా కాలంలో దాసులను తిరిగి పట్టుకొచ్చినవారి మనవలకు అది సూటిగా తగలవలసిన మాట. ఆ తర్వాతి అధ్యాయంలో వాగ్దానం వస్తుంది: నాలుగో, ఐదో, ఏడో, పదో నెలల ఉపవాసాలు యూదా ఇంటికి సంతోషపు పండుగలవుతాయి, కాబట్టి సత్యాన్ని, సమాధానాన్ని ప్రేమించండి. పదో నెల ముట్టడి మొదలైన నెల, నాలుగోది గోడ పగిలిన నెల, ఐదోది ఆలయం కాలినది, ఏడోది మిగిలినవారి మీద అధిపతిగా ఉన్న గెదల్యాను మిస్పాలో చంపిన నెల.